జోలపాటలు కూర్చోబెట్టి అడిగితే రావు

మీరు రాసినదాని సారాంశం ఇది. అమలాపురం దగ్గరి పల్లెలో బతుకంతా గడిపిన మీ అమ్మమ్మగారిని హైదరాబాదుకు తెచ్చుకున్నారు. ఎనభై దాటిన ఆవిడను రోజూ పొద్దున్నే కాలనీ వీధుల్లో నడిపించుకొస్తున్నారు. మీ చెల్లెలికి త్వరలో కాన్పు కాబట్టి, ఆవిడ నోట ఉన్న జోలపాటలను రాసిపెట్టుకోవాలని మీ కోరిక. ఇంట్లో కాగితం, కలం పట్టుకుని ఎదురుగా కూర్చుంటే "నాకేం గుర్తున్నాయే, అన్నీ పోయాయి" అంటున్నారు. నడకలో మాత్రం కట్టుబడి జరుగుతున్న భవనం దగ్గర కూలీల బిడ్డ ఉయ్యాలను చూసినప్పుడో, గుడి ముందు కట్టేసిన ఆవును చూసినప్పుడో, అడగకుండానే ఒక చరణమో, చరణంలో సగమో అనేసి ముందుకు సాగిపోతున్నారు. ఆ ముక్కలను పాటగా ఎలా కూర్చాలి, ఇంటర్నెట్‌లో దొరికే పాఠానికీ ఆవిడ పాడేదానికీ తేడా వస్తే దేన్ని నమ్మాలి అన్నవి మీ ప్రశ్నలు. గోదావరి, కృష్ణా జిల్లాల పల్లెల్లో స్త్రీల పాటలు రాసుకుంటూ చాలాకాలం తిరిగినవాడిని కనుక, నాకు తెలిసినంతలో వివరంగానే చెబుతాను.

ముందుగా, అమ్మమ్మగారు అబద్ధం చెప్పడం లేదు, మొహమాటపడటమూ లేదు. కుర్చీలో కూర్చున్నప్పుడు ఆవిడకు ఆ పాటలు నిజంగానే గుర్తుకు రావు. మంగళహారతిని అడగండి, వెంటనే పాడతారు, ఎందుకంటే అది పదిమంది ముందు నిలబడి పాడే పాట. పెళ్లిపాటను అడిగినా పాడతారు. జోలపాట అలాంటిది కాదు. దాన్ని ఎవరూ వినాలని పాడరు, వినేవాడు నిద్రపోవాలని పాడతారు. పాడుతున్న మనిషి ధ్యాస కూడా పాట మీద ఉండదు, బిడ్డ రెప్పల మీదా, పొయ్యి మీది ఎసరు మీదా, ఇంకా తెమలని పని మీదా ఉంటుంది. చెయ్యి ఊపుతుంటే నోరు దానంతట అది పలుకుతుంది. చేతికి ఆ ఊపు లేనప్పుడు నోటికి మాట అందకపోవడంలో ఆశ్చర్యం లేదు. అందుకే నా సలహా అంతా ఒక్క మాటలో చెప్పాలంటే, పాటను అడగకండి, పాట పుట్టే పనిని ఆవిడకు మళ్లీ అందించండి. మీరు తెలియకుండానే ఆ పని మొదలుపెట్టారు. నడకలో అడుగుల లయ ఉంది, కంటికి కనిపించే వస్తువులు ఉన్నాయి, ఎదురుగా కలం పట్టుకుని చూసే మనిషి లేదు.

ఆ కూలీల ఉయ్యాల దగ్గర ఆవిడ ఎందుకు ఆగారో ఒకసారి దాన్ని దగ్గరగా చూస్తే మీకే తెలుస్తుంది. పాత నూలు చీరను రెండు మడతలు వేసి, రెండు కొసలనూ పరంజా కర్రకో వేపకొమ్మకో గట్టిగా ముడివేస్తారు. అంతటితో వదిలేస్తే గుడ్డ రెండు పక్కల నుంచీ మూసుకుపోయి బిడ్డకు గాలి ఆడదు కాబట్టి, తలవైపు చీర అంచుల మధ్య మూరెడు కర్రను అడ్డంగా పెడతారు. ఆ కర్రతో చీర నోరు తెరిచినట్టు విడిపోయి, బిడ్డ ముఖం పైకి కనిపిస్తూ ఉంటుంది. కింద నుంచి ఒక తాడో, చీర పేలికో కడతారు. దాని రెండో కొసను తల్లి కాలి బొటనవేలికి చుట్టుకుంటుంది. చేతులు చేటలో బియ్యం ఏరుతుంటాయి, కాలు ఉయ్యాల ఊపుతుంటుంది, నోరు పాడుతుంటుంది. దూలానికి వేలాడే ఇత్తడి గొలుసుల చెక్క ఉయ్యాల ఉన్న లోగిళ్లలో కూడా బారసాలనాడు పేరంటాళ్లంతా చేరి ఊపేది ఆ చెక్క ఉయ్యాలే గానీ, మర్నాటి నుంచి పిల్ల నిజంగా పడుకునేది వంటింటి గుమ్మం దగ్గరి చీర ఉయ్యాలలోనే. మీ అమ్మమ్మగారి కాలికి ఆ తాడు గుర్తుంది. అందుకని వీలైతే రేపు ఆ చోట దాటిపోకుండా కాసేపు నిలబడండి. ఆ పిల్ల తల్లితో ఆవిడను మాట్లాడనివ్వండి. ఇద్దరి భాషా వేరైనా ఫరవాలేదు, ఆడవాళ్లకు ఉయ్యాల దగ్గర భాష పెద్ద అడ్డు కాదు. ఫోటో మాత్రం ఆ తల్లిని అడగకుండా తీయకండి.

నడకలో కనిపించే చిన్న చిన్న వస్తువులు పాటను ఎందుకు లేపుతాయన్నది ఇంకో సంగతి. మన పసిపిల్లల పాటల్లో కథ తక్కువ, వస్తువులు ఎక్కువ. ఆవు, దూడ, చిలక, కాకి, పిల్లి, చందమామ, వెన్నగిన్నె, పాలకుండ, గోగుపూలు, బంతిపూలు, గజ్జెలు, మొలతాడు. గుమ్మంలో కూర్చుని పిల్లను ఒళ్లో వేసుకున్న మనిషికి ఎటు చూస్తే ఏది కనిపిస్తే అది పాటలోకి వస్తుంది. అందువల్ల ఒక్కో పాటకు ఒక్కో వస్తువు తాళంచెవిలా పనిచేస్తుంది. హైదరాబాదు కాలనీలో కాలువ గట్టు లేదు, లకుముకి పిట్ట లేదు, తాటిచెట్టుకు వేలాడే గిజిగాడి గూళ్లు లేవు. ఆవు ఉంది, కాకి ఉంది, కొబ్బరిబోండాల బండి ఉంది, అపార్టుమెంటు వాచ్‌మన్ భార్య గేటు ముందు పెట్టే ముగ్గు ఉంది. పౌర్ణమి దాటిన వారంలో పొద్దున్నే బయలుదేరితే పడమటి దిక్కున చందమామ ఇంకా వెలుగుతూనే ఉంటాడు. ఆ వారం నడకను కాస్త ముందుకు జరిపి, పడమర కనిపించే వీధినే ఎంచుకోండి. చూపించి ఊరుకోండి, చాలు. "ఇదిగో చందమామ, పాడు" అన్నారంటే మళ్లీ కుర్చీ దగ్గరికే వచ్చినట్టవుతుంది.

ఇక్కడ మీరు జాగ్రత్తగా విడదీసుకోవలసిన విషయం ఒకటుంది. చందమామను పిలిచే పాటలు చాలావరకు జోలపాటలు కావు, అన్నం తినిపించేటప్పటివి. పిల్లను చంకనేసుకుని పెరట్లో తిరుగుతూ గోరుముద్దలు పెట్టే సమయంలో వాటి అవసరం. వాటి నడకలో తొందర ఉంటుంది, పిల్ల నోరు తెరిచే క్షణం కోసం పాదం చివర ఊరింపు ఉంటుంది. పిల్ల కూర్చోవడం నేర్చాక చేతులు పట్టి ఆడించేవి, నిలబడటం నేర్చాక అడుగులు వేయించేవి మళ్లీ వేరు. బారసాలనాడు పిల్లను మొదటిసారి ఉయ్యాలలో వేసేటప్పుడు పేరంటాళ్లు పాడేవి ఇంకొక జాతి. వాటిలో సాధారణంగా రాముడో కృష్ణుడో ఉయ్యాలలో ఉంటాడు, ఊపేది కౌసల్యో యశోదో అవుతుంది, రాగం కొంచెం నిదానించి పెద్దరికంగా నడుస్తుంది. రాత్రిపూట ఒంటరిగా తల్లి పాడుకునే పాట వీటన్నిటికన్నా పొట్టిది, మాటలు తక్కువ, పునరుక్తి ఎక్కువ. అమ్మమ్మగారు ఒకే నడకలో ఈ నాలుగు రకాల ముక్కలూ అనవచ్చు. అన్నిటినీ ఒకే పాటగా అతికించేస్తే అది ఎవరూ ఎన్నడూ పాడని పాట అవుతుంది. కాబట్టి ప్రతి ముక్క పక్కనా దేన్ని చూసి అన్నారో, ఊపుతున్నట్టు అన్నారో తినిపిస్తున్నట్టు అన్నారో రాసుకోండి. అడిగినా చెబుతారు. "ఇది ఎప్పుడు పాడేవాళ్లు అమ్మమ్మా?" అన్న ప్రశ్నకు జవాబు వస్తుంది. "ఇది ఏ పాట?" అన్న ప్రశ్నకు రాదు.

ఇక సగం చరణాల సంగతి. ఖాళీ ఎక్కడుందో, ఎంత ఉందో తెలుసుకోవడానికి మీ దగ్గర ఒక కొలత ఉంది, మాత్రల లెక్క. బడిలో చదివిన ఛందస్సు మరిచిపోయి ఉంటే ఇంత గుర్తు చేసుకుంటే చాలు: హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు, సున్నా ఉన్న అక్షరానికి రెండు, ఒత్తక్షరానికి ముందున్న అక్షరానికి రెండు. మీరు పంపిన ముక్క చాలా ఇళ్లలో ఉన్న పాటలోదే: "ఏడవకు ఏడవకు వెర్రి నాగన్న, ఏడిస్తె నీ కళ్లు నీలాలు కారు, నీలాలు కారితే నే చూడలేను, పాలైన కారవే బంగారు కళ్ల." దీన్ని విడదీసి చూడండి. ఏడవకు, ఐదు. ఏడవకు, ఐదు. వెర్రినా, ఐదు. గన్న, మూడు. రెండో పాదం: ఏడిస్తె, నీ కళ్లు, నీలాలు, ఒక్కొక్కటి ఐదు, కారు మూడు. నాలుగు పాదాలూ ఇదే లెక్కలో నడుస్తాయి. చివరి మూడు మాత్రల ముక్కను గొంతు ఇంకో రెండు మాత్రలు సాగదీసి ఐదు చేస్తుంది. ఆ సాగదీత దగ్గరే ఉయ్యాల అటు కొసకు వెళ్లి ఆగి, ఇటు మళ్లుతుంది.

మీ అమ్మమ్మగారు "నే చూడలేను" అనకుండా "నే నోర్వలేను" అంటున్నారని, ఇంటర్నెట్‌లో అలా లేదని మీ సందేహం. లెక్క వేయండి: "నే చూడ" ఐదు, "నే నోర్వ" కూడా ఐదే, "లేను" రెండింటికీ ఉమ్మడి. రెండూ సరిపోయాయి, రెండూ పాటే. "వెర్రి నాగన్న" అన్నచోట కొందరు "చిట్టి నాయన్న" అంటారు, ఆడపిల్లయితే "చిట్టి నాతల్లి" అంటారు. మాత్రలు తేడా రాకుండా పేరు మార్చుకునే వీలు ఆ చోట ఉంది, ఉండాలి కూడా, ఎందుకంటే అక్కడ పిలుస్తున్నది ఒళ్లో ఉన్న పిల్లను. అదే ఎవరైనా "నీలాలు కారితే నేనసలు చూడలేను" అని రాసి పెడితే పాదం పగులుతుంది, ఉయ్యాల ఒకచోట తడబడుతుంది. నోటిపాటలో అలాంటి పాదం నాలుగు రోజులు కూడా నిలవదు. కాగితం మీద రాసినవాళ్ల తొందర వల్ల వచ్చిన పాదం అది. కాబట్టి అమ్మమ్మగారు మరచిపోయినచోట ఎన్ని మాత్రల ఖాళీ ఉందో గుర్తించి, అన్ని చుక్కలు పెట్టి వదిలేయండి. ఆ ఖాళీలో సరిపోయే మాట మీకు తోచినా రాయవద్దు. నాలుగు నెలల తర్వాత ఏ ఆవునో చూసి ఆవిడే నింపుతారు, అప్పుడు మీ మాట అక్కడ కూర్చుని ఉంటే ఆవిడ మాటకు చోటుండదు.

ఈ ఐదు, ఐదు, ఐదు, మూడు అన్న నడక పల్లెటూరి పామరుల నడక మాత్రమే అనుకోకండి. "జో అచ్యుతానంద జో జో ముకుంద" అన్న అన్నమయ్య జోలపాట మొదటి పాదాన్ని ఇలాగే విరవండి: జో అచ్యు, తానంద, జో జో ము, కుంద. అవే లెక్కలు. ఛందస్సు తెలిసినవారికి ఇందులో గణాలనే అక్షరాల గుంపులు, మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం కనిపించి ఇది రెండేసి పాదాలుగా సాగే ద్విపదలోని పాదమని తోస్తుంది. రంగనాథ రామాయణం ఆసాంతం నడిచిన ద్విపదకూ చంటిపిల్ల ఉయ్యాలకూ ఒకే నడక ఉండటం నాకు ఎప్పుడూ ఆనందం కలిగించే విషయం. ఏది ముందు, ఏది వెనుక అన్న చర్చలోకి నేను వెళ్లను. "ఏడవకు" అన్న మాట లక్షణ గ్రంథాల ఇంద్రగణాల్లో ఒదగదు, మాత్రల్లో మాత్రం చక్కగా ఒదుగుతుంది. అంటే పాడే ఆడవాళ్లు గణం చూసుకోలేదు, ఊపు చూసుకున్నారు.

దేన్ని నమ్మాలి అన్న మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. అన్నమయ్య 1408లో పుట్టి 1503లో పోయాడు. ఆయన సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో భద్రపరిచారు. ఆ రేకులు పండితుల చేతికి వచ్చి అచ్చులోకి దిగింది ఇరవయ్యో శతాబ్దంలో. ఆ నడుమ గడిచిన కాలమంతా ఆ జోలపాటను మోసుకొచ్చింది రాగిరేకు కాదు, రేకు సంగతి బొత్తిగా తెలియని ఆడవాళ్ల గొంతులు. అందుకే ఇంటింటికీ చరణాల సంఖ్య, వరస, మాటలు మారుతూ వచ్చాయి. తిరుమలలో రాత్రి ఏకాంతసేవలో స్వామిని పవళింపజేసేటప్పుడు నేటికీ అన్నమయ్య సంతతివారైన తాళ్లపాక వంశీకులు లాలి పాడతారు, భక్తకవయిత్రి తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాలహారతి ఇస్తారు. గుడిలో సేవగా పాడే పాటకు ఒక నిర్ణీత పాఠం అవసరం, అక్కడ అది న్యాయం. ఇంట్లో పాడే పాటకు ఆ నియమం లేదు. మీ అమ్మమ్మగారి పాఠం మీ ఇంటికి సరైన పాఠం, ఆవిడ చెల్లెలి పాఠం ఆవిడ ఇంటికి సరైనది. ఇంటర్నెట్‌లోది ఎవరో ఒకరి ఇంటిది, లేదా నాలుగిళ్లవి కలిపి కుట్టినది. అందులోని మాటను తెచ్చి "అమ్మమ్మా, ఇక్కడ ఇలా అనాలట" అని సరిదిద్దడం మాత్రం చేయకండి. పెద్దవాళ్లు చదువుకున్న మనవరాలి మాటను తమ జ్ఞాపకం కన్నా ఎక్కువగా నమ్ముతారు. ఆ ఒక్క మాటతో ఆవిడ పాత పాదం చెరిగిపోతుంది, మళ్లీ రాదు. అదే కారణంతో, సేకరణ పూర్తయ్యేదాకా ఆ పాటలను యూట్యూబులో పెట్టి ఆవిడకు వినిపించకండి.

ఆవిడ పాడే "జోలపాట"ల్లో ఒకటో రెండో పాత సినిమా పాటలు తేలితే నిరాశ పడవద్దు, తీసిపారేయనూ వద్దు. ఊళ్లోకి రేడియో, టూరింగు టాకీసు వచ్చాక పిల్లలను నిద్రపుచ్చిన తల్లులు చేతికందిన పాటనల్లా జోలపాట చేసుకున్నారు. అసలు వరస నుంచి ఎక్కడ జారారో గమనించండి. సినిమా పాటలోని కష్టమైన స్వరాల మలుపులు రాలిపోయి, వరస మూడు నాలుగు స్వరాల్లోకి కుదించుకుపోయి ఉంటుంది. సంగీతం తెలిసినవాళ్లు లాలి పాటలకు నీలాంబరి, ఆనందభైరవి, నవరోజు రాగాల పేర్లు చెబుతారు. త్యాగరాజస్వామి ఉయ్యాల కీర్తన ఒకటి నీలాంబరిలోనే ఉంది. ఇంటి జోలపాటకు పూర్తి రాగమంతా ఉండదు, దాని నీడ ఉంటుంది. రాగం పేరు తేల్చాలన్న తాపత్రయం మీకు అనవసరం. వరస రికార్డులో ఉంటే చాలు.

రికార్డింగు గురించి. ఆవిడకు చెప్పకుండా తీయకండి. ఒకసారి "నువ్వు నడుస్తూ అన్నవి ఫోనులో పట్టుకుంటాను, చెల్లికి వినిపిస్తాను" అని చెప్పి ఒప్పించండి. రెండుమూడు రోజుల్లో ఫోను సంగతి ఆవిడే మరచిపోతారు. వీధిలో గాలిచప్పుడు, బండ్ల హారన్లు ఎక్కువ కాబట్టి ఫోనును చేతిలో ఊపుకుంటూ తీసుకెళ్లే బదులు, మైకు ఉన్న కొస పైకి వచ్చేలా చొక్కా జేబులోనో ఓణీ మడతలోనో పెట్టి, మైకు మీద పల్చని చేతిరుమాలు ఒక పొర కప్పండి. ఆవిడ మాట స్పష్టంగా వినిపించే వైపు మీరు నడవండి. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా తీస్తే పదిమంది శుభోదయాల మధ్య అది పోతుంది. ఫోనులోని రికార్డరులోనే తీసి, ఫైలుకు తేదీ, "ఆవు", "చీర ఉయ్యాల", "ముగ్గు" అని చూసినదాని పేరు పెట్టండి. ఇంటికి వచ్చిన వెంటనే, కాఫీ తాగేలోపే, విన్నది విన్నట్టు రాయండి. ఆవిడ "యేడవకు" అంటే "యేడవకు" అనే రాయండి, "ఊగమ్మా"ను "ఊగుము" చేయకండి. నోటుపుస్తకంలో ఎడమ పేజీలో పాట రాసి, కుడి పేజీ ఖాళీగా ఉంచుకుంటే తర్వాత వచ్చే పాఠభేదాలకూ, ఆవిడ మధ్యలో చెప్పే కబుర్లకూ చోటుంటుంది. ఆ కబుర్లను తక్కువగా చూడకండి. ఏ పాట ఏ పిల్లకు పాడారో, ఏ కరువులోనో ఏ వరదలోనో ఎవరింట్లో పాడారో ఆ కబుర్లలోనే వస్తుంది. నా దృష్టిలో పాటలో సగం అదే.

ఆవిడను అడగదగ్గ ప్రశ్నలు పాట గురించి కాకుండా ఇంటి గురించి ఉండాలి. చిన్నప్పుడు తమ్ముళ్లను ఎవరు ఊపేవారు? చాలా ఇళ్లలో ఆ పని తల్లిది కాదు, పెద్దకూతురిది. ఏడెనిమిదేళ్ల పిల్ల బడికి వెళ్లాల్సిన వయసులో ఉయ్యాల తాడు పట్టుకుని కూర్చునేది. కొన్ని ఇళ్లలో పుట్టింటికి తిరిగొచ్చిన మేనత్తది. కొన్నిచోట్ల తాతగారే భుజాన వేసుకుని వసారాలో తిరుగుతూ పాడేవారు. అమ్మమ్మగారు తన తల్లి దగ్గర నేర్చిన పాట వేరు, అత్తగారింట్లో విన్న పాట వేరు కావచ్చు. అమలాపురం వైపు పుట్టి, ఏ నర్సాపురం వైపో కాపురానికి వెళ్లినవాళ్ల నోట రెండు ఊళ్ల పాఠాలూ కలిసిపోయి ఉంటాయి. అత్తగారి మీద ఎత్తిపొడుపు, పుట్టింటి మీద బెంగ, ఊరికి వెళ్లి రాని మొగుడి మీద కోపం, ఇవన్నీ పిల్లకు చెబుతున్నట్టు పాడుకోవడం జోలపాటలో ఉన్న పెద్ద సదుపాయం. ఎదురుగా అనలేని మాట ఉయ్యాల మీద పెట్టి అనవచ్చు. అలాంటి చరణం వచ్చినప్పుడు ఆవిడ నవ్వేసి "అది రాయకు" అంటే రాయకండి. రాయకపోయినా మీకు గుర్తుంటుంది.

ఇంకొక హెచ్చరిక. ఆ తరంలో పుట్టిన బిడ్డలందరూ దక్కిన ఇల్లు అరుదు. మీకు ఎవరూ చెప్పని ఒక పురుడు ఆవిడ జీవితంలో ఉండి ఉండవచ్చు. పాట మధ్యలో ఆవిడ ఉన్నట్టుండి మాట మానేసి నడక వేగం పెంచితే, తర్వాతి పాదం ఏమిటని అడగవద్దు, మరుసటి రోజు కూడా అడగవద్దు. ఆవిడంతట ఆవిడ చెబితే వినండి. అది మీ పుస్తకంలోకి ఎక్కాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం. పూర్తి పాఠం కోసం ఆ గీత దాటిన సేకర్తలను చూశాను. వాళ్ల పుస్తకాల్లో పాటలు నిండుగానే ఉన్నాయి, ఆ ఊళ్లకు వాళ్లు మళ్లీ వెళ్లగలిగారా అంటే అనుమానమే.

మీరు ఉంటున్నది హైదరాబాదు కనుక నడకలో కలిసే తెలంగాణ పెద్దవాళ్ల నుంచి కూడా పాటలు దొరుకుతాయి, అమ్మమ్మగారికి మంచి జోడీ కూడా దొరుకుతుంది. వాళ్లు ఉయ్యాలను తొట్టెల అంటారు, పిల్లను తొట్టెలలో వేసే వేడుక చెబుతారు. అదే తొట్టెల వెదురు పుల్లలతో, రంగు కాగితాలతో అలంకరించి బోనాల్లో అమ్మవారికి సమర్పించడం కూడా చూసే ఉంటారు. ఒక్క చోట మాత్రం పొరపడే అవకాశం ఉంది: పాదం చివర "ఉయ్యాలో" అని వచ్చిన ప్రతిదీ జోలపాట కాదు. బతుకమ్మ పాటల్లో "ఉయ్యాలో" పల్లవిగా వస్తుంది, అక్కడ చప్పట్లు చరుస్తూ వలయంగా తిరుగుతారు, కథ ఏదైనా కావచ్చు. అలాగే "చందమామ" అని పాదాంతంలో వచ్చినా అది చంద్రుడి పాట కానక్కరలేదు. ఎక్కడ, ఎప్పుడు పాడతారని అడిగితే సందేహం తీరిపోతుంది.

మీ చెల్లెలి సంగతికి వస్తే, రాసిన పాటల పుస్తకాన్ని అచ్చువేయించి బారసాలకు పంచాలన్న మీ ఆలోచన బాగానే ఉంది గానీ, నన్ను అడిగితే దానికి తొందర లేదు. బిడ్డ ఇంటికి వచ్చాక అసలైన సేకరణ మొదలవుతుంది. అంతవరకు ముక్కలుగా అన్న అమ్మమ్మగారి చేతికి ఉయ్యాల తాడు ఇవ్వండి. ఇప్పుడు దొరికే స్ప్రింగు ఉయ్యాలలు కిందికీ పైకీ అదురుతాయి గానీ అటూ ఇటూ ఊగవు, వాటి మీద పాట నిలవదు, కాబట్టి పక్కలకు ఊగేదాన్ని చూసి కొనండి, లేదా గట్టి కొక్కేనికి పాత నూలు చీర కట్టండి. కొక్కెం బిగింపు ముందుగా ఒక పెద్దమనిషి బరువు వేలాడదీసి పరీక్షించండి. కట్టిన కొత్తలో ముడులు రోజూ చూసుకోండి. చీర ఉయ్యాలలో పడుకున్న బిడ్డను ఎవరూ దగ్గర లేకుండా వదలకూడదు, మెడ వంగి గడ్డం రొమ్ముకు ఆనుతోందేమో చూస్తుండాలి. నిద్ర పట్టాక తీసి చదునైన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టమనే పిల్లల డాక్టర్లు చెబుతారు, అదే మంచిది. ఊపేంతసేపూ, పాడేంతసేపూ అమ్మమ్మగారు పక్కనే ఉంటారు కనుక ఇబ్బంది ఉండదు. ఆవిడ శ్రుతి ఇప్పుడు కిందికి దిగిపోయి ఉంటుంది, మాటలు మింగేస్తారు, ఊపిరి అందక పాదం మధ్యలో ఆగుతారు. మీ చెల్లెలు పక్కన కూర్చుని అదే శ్రుతిలో కలిసి పాడటం నేర్చుకుంటే మీ ఎడమ పేజీల్లోని చుక్కలు చాలావరకు అక్కడే నిండుతాయి.

పాలకొల్లులో ఆవిడ చెల్లెలు ఒకరు ఉన్నారని ఉత్తరం చివర రాశారు. కాన్పు దాకా ఆగకుండా ఈ వారంలోనే ఇద్దరినీ ఫోనులో కలపండి. స్పీకరులో పెట్టి మీరు పక్కకు తప్పుకోండి. పాటలో మాట దగ్గర ఇద్దరూ వాదులాడుకోవడం ఖాయం. ఎవరి మాటా కొట్టేయకుండా రెండు పాఠాలూ వేర్వేరు పేజీల్లో, ఎవరు ఎవరి దగ్గర నేర్చారో పైన రాసి మరీ ఉంచుకోండి. మాత్రల దగ్గర ఎక్కడైనా చిక్కుపడితే ఆ పాదాన్ని విన్నది విన్నట్టు నాకు రాసి పంపండి, లెక్క చూసి చెబుతాను.